వినపడితే చెయ్యెత్తు

మేడ మీది గది,
మన ఇల్లు.

అత్తా,

మేమంతా బాగున్నాం, నువ్వూ బాగున్నావనే అనుకుని నేరుగా అసలు సంగతికి వస్తున్నాను. నేనిప్పుడు వీధి వీధీ తిరిగి అడుక్కుంటున్నాను. కంగారు పడకు, యూనిఫాంలోనే.

ఆసుపత్రిలో పిల్లల వార్డుకి చక్రాల కుర్చీలు కొనిద్దామని మా పదో తరగతివాళ్ళం స్కూలు మైదానంలో ఆటల రోజు ఒకటి పెడుతున్నాం. చూడ్డానికి వచ్చేవాళ్ళు టికెట్టు కొనాలి. ఏర్పాట్లకి స్కూలు నుంచి చిల్లిగవ్వ కూడా రాదని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పేసింది. అందుకని బజార్లో షాపులవాళ్ళని స్పాన్సర్లుగా పట్టుకోవాలి. ఆ పని నాకూ, నా పక్కన కూర్చునే పొడుగుదానికీ అప్పగించారు. దాని పొడవు చూసి ఎవరో టీచరనుకుని షాపువాళ్ళు లేచి నిలబడతారు. వెనకాల నన్ను చూసి మళ్ళీ కూర్చుంటారు.

ఇనుప సామాన్ల షాపాయన "మీ స్కూలు పిల్లలు నా దగ్గర ఎప్పుడైనా ఒక్క మేకు కొన్నారా?" అని నిలదీశాడు. పొడుగుది అక్కడికక్కడే ఒక మేకు కొంది. దాంతో ఆయనకి నవ్వొచ్చి, తాళ్ళూ గుంజలూ ఇస్తానన్నాడు. మైకులో తన షాపు పేరు అందరికంటే ముందు చెప్పాలట. బేకరీ ఆయన బిస్కెట్లిస్తాడు, కానీ తన పేరు కూడా అందరికంటే ముందే ఉండాలట. ఇద్దరి షాపులూ ఎదురెదురు. ఇద్దరి మధ్యా మేం నలిగిపోతున్నాం.

ఒక్క మాట కూడా బేరమాడనిది హలో తాత. మైకు సెట్లు అద్దెకిచ్చే ముసలాయన, నీకు తెలిసే ఉంటుంది. పిల్లల వార్డు అనగానే "ఏ రోజమ్మా?" అన్నాడు, అంతే, సెట్టు ఊరికే ఇస్తున్నాడు. మేం ఈ ఊరికి తిరిగొచ్చి ఏడాదైనా కాలేదు కాబట్టి నేనెప్పుడూ వినలేదు కానీ, మైకు సరిచూసుకోవడానికి ఆయన తన గొంతుతో హలో అనడట. చచ్చిపోయిన కూతురి గొంతు టేపులో ఉందట, అది వేస్తాడట. అందుకే ఆయనకా పేరు. నువ్విక్కడే చదువుకున్నావుగా, విన్నావా ఎప్పుడైనా?

ఆటల రోజుకి నువ్వు రావాలి. నీ పెళ్ళిలో మైకు పెడితే పెళ్ళే మానేస్తానన్నావట, నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. భయపడకు, మా మైదానం పెద్దది, నిన్ను దూరంగా కూర్చోబెడతాను.

నీ వసపిట్ట


ప్రూఫుల గది,
అచ్చాఫీసు.

వసపిట్టా,

నీ ఉత్తరం చదివి నాలో నేనే నవ్వుకుంటుంటే, పక్క బల్ల ఆయన నాకేదో పెద్ద అచ్చుతప్పు దొరికిందనుకుని లేచొచ్చాడు. నీ ఉత్తరంలోనూ తప్పులకి కొదవలేదు, ఆ సంగతి తీరిగ్గా చూసుకుందాం.

షాపు తెరుస్తూండగా వెళ్ళకండి, విసుక్కుంటారు. మధ్యాహ్నం బేరాలు లేక గల్లా దగ్గర ఆవులించేటప్పుడు వెళ్ళండి. ముందు వాళ్ళ పిల్లల గురించి అడగండి, తర్వాత మీకు కావలసింది అడగండి. ఇనుపాయన పేరు మొదట పెట్టండి, బేకరీ ఆయన పేరు చిట్టచివర పెట్టండి. చివర విన్నదే జనానికి గుర్తుంటుందని ఆయనకి చెప్పండి. అది నిజం కూడా.

మైకు మాత్రం వేరేచోట తీసుకోండి. అతని సామానంతా పాతది, సరిగ్గా సమయానికి మొరాయిస్తుంది. అతని దగ్గరే తీసుకుంటామంటే ఆ టేపు వెయ్యొద్దని చెప్పండి. పిల్లలు ఆడుకునేచోట అలాంటివెందుకు?

నేను రాలేను. ఇక్కడ పని చాలా ఉంది.

మీ అత్త


మేడ మీది గది,
మన ఇల్లు.

అత్తా,

నీ ఉపాయం అద్భుతం. "చివర విన్నదే గుర్తుంటుంది" అనగానే బేకరీ ఆయన ఇనుపాయన షాపు వైపు జాలిగా చూసి, బిస్కెట్లతోపాటు రొట్టెలు కూడా రాసుకోమన్నాడు. బట్టల షాపాయన బానరుకి గుడ్డ ఇస్తున్నాడు. కళ్ళజోళ్ళ షాపాయన ఏమివ్వాలో తెలీక చాలాసేపు ఆలోచించి, కుర్చీలిస్తానన్నాడు.

నీ రెండో మాట మాత్రం వినలేదు, కోప్పడకు. హలో తాత గదికి వెళ్ళాం. సైకిల్ షాపు వెనక ఒక్క గది. గోడల నిండా గొట్టం స్పీకర్లు, వాటి నోళ్ళన్నీ మనవైపే తిరిగి ఉంటాయి. అక్కడ ఏం మాట్లాడినా మన మాటే సన్నగా, కొంచెం ఆలస్యంగా వెనక్కొస్తుంది. సెట్టు బిగించే పద్ధతి మాకు చూపించాడు. ఒకరు మైకు దగ్గర మాట్లాడాలి, ఇంకొకరు గేటు దాకా వెళ్ళి వినాలి, వినపడితే చెయ్యెత్తాలి.

"అప్పట్లో మైకు దగ్గర మా పాప, గేటు దగ్గర నేను. ఇప్పుడు టేపు దగ్గర నేనుండాలి కదా, గేటు దగ్గర ఎవరూ ఉండరు" అన్నాడు.

తర్వాత టేపు వేశాడు. "హలో, హలో. ఒకటి, రెండు, మూడు." మూడు అని పూర్తిగా వినపడీ పడకముందే బటన్ నొక్కి ఆపేశాడు. పొడుగుది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటికొచ్చాక "అది నీ గొంతేనే" అంది.

నాకూ అలాగే అనిపించింది. నేనెప్పుడూ అనని మాటలు నా గొంతుతో విన్నాను. హలో తాత కూడా నేను నోరు విప్పినప్పుడల్లా చేతిలో పని ఆపి నావైపు చూస్తున్నాడు. చచ్చిపోయిన పిల్ల గొంతు నాకెందుకొచ్చిందత్తా? అప్పట్నించీ క్లాసులో జవాబు చెప్పాలన్నా భయంగా ఉంది. అమ్మ కిందనుంచి పిలిస్తే పలకాలనిపించడం లేదు. పలికేది నేనో, ఆ పిల్లో అని.

నవ్వకు. నిజంగానే రాస్తున్నాను.

నీ వసపిట్ట


ప్రూఫుల గది,
అచ్చాఫీసు.

వసపిట్టా,

నవ్వలేదు.

ఆ పిల్ల నా క్లాసే. ఉదయం బడిలో మేమిద్దరం కలిసి ప్రార్థన చదివేవాళ్ళం. జ్వరం వచ్చింది, పిల్లల వార్డులో చేర్చారు, తిరిగి రాలేదు. అంతకంటే ఏమీ లేదు. ఆ వయసు పిల్లల గొంతులు ఒకదానిలా ఒకటి ఉంటాయి. అందులో వింతేమీ లేదు.

అమ్మ పిలిస్తే పలుకు. ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా పలుకు. ఈ ఒక్క మాటా నాకోసం విను.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

మీ అత్త


మేడ మీది గది,
మన ఇల్లు.

అత్తా,

కొంప మునిగింది.

తమ పేర్లు సరిగ్గా పలుకుతామో లేదో ముందే వినాలని షాపులవాళ్ళు పట్టుబట్టారు. సరే, పేర్లన్నీ టేపులో రికార్డు చేసి ఆ రోజు అదే వేద్దామనుకున్నాం. హలో తాత పక్క ఊళ్ళో ఏదో సభలకి వెళ్తూ, తన టేపు రికార్డరునీ క్యాసెట్ల పెట్టెనీ మాకిచ్చి, "ఖాళీది ఏదో ఒకటి చూసి తీసుకోండమ్మా" అన్నాడు. అన్నింటిమీదా పాటల పేర్లు రాసి ఉన్నాయి. ఒక్కదానిమీద ఏమీ లేదు. ఏమీ రాయనిది ఖాళీదే కదా అనుకున్నాం. మొదట ఇనుపాయన, చివర బేకరీ ఆయన, మధ్యలో మిగతా అందరూ, ఎంతో బాగా వచ్చింది. అందరికీ వినిపించి మెప్పు కూడా పొందాం.

పెట్టె సర్దేటప్పుడు పొడుగుదానికి తట్టింది. ఆ పిల్ల టేపేదీ? ఒక్కొక్కటీ వేసి చూశాం, అన్నీ పాటలే. ఏమీ రాయని ఆ క్యాసెట్టే ఆ పిల్లది. తన పాప గొంతు మీద ఆయన ఏం రాస్తాడు? "హలో, హలో" ఉండాల్సినచోట ఇప్పుడు ఇనుప సామాన్ల షాపు పేరుంది.

ఆయన వచ్చే వారం గానీ రాడు. పొడుగుది ఏడుస్తూనే ఒక ఉపాయం చెప్పింది. "నీ గొంతు అచ్చం అదే కదా, నువ్వే హలో అని మళ్ళీ రికార్డు చెయ్యి. పేర్లు వేరే క్యాసెట్టులో చేసుకుందాం. ఆయనకి తెలిస్తే గుండె ఆగిపోతుంది" అంది. నిజమే కదా అత్తా? ఆయనకి ఇంకెవరూ లేరు. భార్య కూడా పోయి చాలా ఏళ్ళయిందట. ఆ కాసిని మాటలూ అనెయ్యాలనే ఉంది. క్యాసెట్టు నా ముందే ఉంది. రికార్డరులో పెట్టబోయి మళ్ళీ తీసేస్తున్నాను.

వెంటనే రాయి.

నీ వసపిట్ట


ఇంటి నుంచి.

వసపిట్టా,

వద్దు. ముందు ఆ మాట చదివి, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

నువ్వు చెరిపింది ఆ పిల్ల గొంతు కాదు. నాది.

ఆ పిల్ల పోయిన మరుసటేడు రికార్డరు దాని టేపుని నమిలేసింది. ముడతలు పడ్డ ముక్కని వాళ్ళమ్మ కత్తిరించి, మిగతాది అతికించింది. కత్తిరించిన ముక్కతోపాటు మొదట్లో ఉన్న హలో, ఒకటి, రెండు, మూడూ పోయాయి. ఆయన ఇంటికొస్తే ఏం చెప్పాలో ఆవిడకి తెలీలేదు. ప్రార్థనలో మా ఇద్దరి గొంతులూ విడదియ్యలేమని టీచర్లు అనేవాళ్ళు. నేను బడినుంచి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపి, వంటింట్లోకి తీసుకెళ్ళి, తలుపేసి, ఆ టేపు పెట్టిన రికార్డరు ముందు కూర్చోబెట్టి, "ఒక్కసారి అనమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. అన్నాను. చెప్పొద్దూ, పెద్దవాళ్ళ పనేదో చేసినట్టు గర్వంగా ఉండింది ఇంటికెళ్ళేదాకా.

కొన్నాళ్ళకి మైదానంలో ఏదో సభ జరిగింది. మీ నానమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. స్పీకర్లోంచి నా గొంతు వచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుని "పాపం, పోయిన పిల్ల గొంతు" అంది. నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. నన్ను కన్నతల్లి, నన్ను గుర్తుపట్టలేదు.

ఆ రోజునుంచీ గట్టిగా మాట్లాడ్డం మానేశాను. ఎవరైనా పోల్చుకుంటారేమోనని భయం, ఎవరూ పోల్చుకోరని అంతకంటే భయం. ఏ వేడుకకి వెళ్ళినా నాకంటే ముందే నా గొంతు అక్కడికి వచ్చి ఉండేది, చచ్చిపోయి. జనం దాన్ని విని నిట్టూర్చేవాళ్ళు, పక్కనే నేను నిలబడి ఉండేదాన్ని. బతికున్నది నేనేనా అని అద్దం ముందు పెదాలు కదిపి చూసుకునేదాన్ని. నా పెళ్ళిలో మైకు వద్దన్నది అందుకే. నోరు విప్పక్కర్లేని ఉద్యోగం వెతుక్కున్నదీ అందుకే. మీ నాన్న అప్పుడు దూరంగా హాస్టల్లో చదివేవాడు, వాడికివేమీ తెలియవు.

నీ గొంతు నా పోలికే. చిన్నప్పుడు నువ్వు మాటలు నేర్చినప్పుడే నాకు తెలుసు. నిన్ను వసపిట్టా అని పిలిచి, వాగినంతసేపూ వాగనిచ్చింది అందుకే. ఇప్పుడా మాటలు నీ గొంతుతో అంటే, రేపట్నించీ ఆ స్పీకర్లో ఉండేది నువ్వు. నాకు జరిగింది నీకు జరగనివ్వను.

ఆయన రాగానే వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పు. తిడితే పడు. ఏడిస్తే వదిలి రాకు. నా మాట మాత్రం ఎత్తకు. ఆవిడ దాచినదాన్ని ఆవిడ పోయాక నేను బయటపెట్టను. అది తన కూతురి గొంతేనని ఆయన్ని అనుకోనీ.

మీ అత్త


మేడ మీది గది,
మన ఇల్లు.

అత్తా,

నీ ఉత్తరం పొడుగుదానికి కూడా చూపించలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను.

అంతా చెప్పాను. హలో తాత తిట్టలేదు. "ఎంతసేపు రికార్డు చేశారమ్మా?" అని ఒక్కటే అడిగాడు. షాపుల పేర్లవరకే అన్నాను. "అంతేనా" అని ఊపిరి వదిలాడు. అదేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. మీ పాప గొంతు చెరిపేశాం తాతా అని ఏడ్చేశాను.

"అది మా పాప గొంతు కాదు తల్లీ" అన్నాడు.

ఆ గదిలో స్పీకర్లన్నీ ఆ మాటనే మళ్ళీ సన్నగా అన్నాయి.

"మా పాప మైకు పట్టుకుంటే నాన్నా అనకుండా ఏదీ మొదలుపెట్టేది కాదు. ఒకరోజు ఇంటికొచ్చి టేపు వేస్తే, నేరుగా హలో అంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తోంది. బాగా వినపడుతోంది అన్నాను. ఇంకేమంటాను?"

మరి ఇన్నేళ్ళూ ఎందుకు వేశారని అడిగాను.

"ఆపేస్తే, నాకు తెలిసిపోయిందని ఆవిడకి తెలిసిపోతుంది కదా. ఆవిడ పోయాక మానేద్దామనుకున్నా, మనసు రాలేదు. ఆ గొంతు కూడా మా ఇంట్లోదే అయిపోయింది."

కింద పడున్న వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. తర్వాత నావైపు చూడకుండా అన్నాడు.

"ఎవరి పిల్లో నేను వెతకలేదు. వెతికితే మా ఆవిడ దాచింది బయటపడుతుంది. కానీ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒకటే బాధ. ఎవరో బతికున్న పిల్ల గొంతుని పోయినదాని పేరు మీద ఊరంతా వినిపిస్తున్నానే, ఆ పిల్లకేమైనా అయిందేమో అని. నీ గొంతు విన్నప్పట్నించీ నిన్నడగాలని ఉంది. ఆ పిల్ల బతికే ఉందా అమ్మా?"

చెప్పనని నీకు మాటివ్వకపోయినా, నువ్వు చెప్పొద్దన్నావు కదా. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టపడి ఎప్పుడూ నోరు మూసుకోలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆటల రోజు చాలా బాగా జరిగింది. టికెట్లన్నీ అయిపోయాయి, వార్డుకి చక్రాల కుర్చీలొస్తున్నాయి. ఒక్క సంగతి మాత్రం రాయకుండా ఉండలేను.

పేర్ల టేపు వేసి, హలో తాత వినపడుతోందో లేదో చూడ్డానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. టేపు దగ్గర పొడుగుదుండాలి. కానీ బేకరీ పేరు చెప్పగానే, తన పేరు చివర కూడా రావాలని ఇనుపాయన దెబ్బలాటకొచ్చాడు. అది ఆయన్ని సముదాయించడానికి వెళ్ళింది. నేను బిస్కెట్లు పంచుతున్నాను. టేపు ఆపేవాళ్ళు ఎవరూ లేరు. కాసేపు ఉత్త గరగర. తర్వాత మైదానమంతటా ఒక గొంతు.

"నాన్నా. నాన్నా, గేటు దాకా వెళ్ళావా? వినపడుతోందా? వినపడితే చెయ్యెత్తు."

అది నా గొంతు కాదత్తా, నీదీ కాదు. ఒక్క పోలికా లేదు. సన్నగా, నవ్వు ఆపుకుంటున్నట్టుంది. అందరూ మీ గొంతులు ఒకటేనని ఎలా అన్నారో నాకు తెలీదు. తాడు లాగుతున్న పిల్లలు లాగడం మానేసి నిలబడిపోయారు. ఇనుపాయన కూడా మాటాపేశాడు. నేను గేటువైపు చూశాను. హలో తాత చెయ్యెత్తాడు.

మళ్ళీ గరగర. తర్వాత ఆ గొంతే, "ఆఁ, కనపడింది నాన్నా. ఇంక దించెయ్" అంది.

ఆయన దించలేదు. టేపు అయిపోయి బటన్ దానంతటదే పైకొచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. మిగిలిన టేపులో పాప గొంతు ఉందని ఆయనకి మొదట్నించీ తెలుసు. అందుకే మూడు దగ్గర ఆపేసేవాడు.

ఆయన అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు. రోజూ బడికి వెళ్తూ ఆ సందు తప్పించుకుని వెళ్తున్నాను. జవాబు నీదత్తా.

నీ వసపిట్ట


ఇంటి నుంచి.

వసపిట్టా,

నీ ఉత్తరం బిగ్గరగా చదివాను. ఇంట్లో ఎవరూ లేరు, అయినా బిగ్గరగానే చదివాను. "ఆ పిల్ల బతికే ఉందా" అన్నచోట ఆగిపోయి చాలాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళుగా ఆ మాట అడిగేవాళ్ళు ఒక్కరుంటే చాలని ఎదురుచూశాను. అడుగుతున్న మనిషి ఆ బటన్ దగ్గరే కూర్చుని ఉన్నాడని నాకు తెలీదు.

నువ్వేమీ చెప్పకు. ఆదివారం పొద్దున్న బండికి నేనే వస్తున్నాను. మైదానం కావాలని హెడ్‌మిస్ట్రెస్‌ని అడుగు, అడుక్కోవడం నీకు అలవాటేగా. హలో తాతని సెట్టు తీసుకురమ్మను. టేపు అక్కర్లేదు, అది ఇంట్లో పెట్టుకోమను, అది ఆయన ఒక్కడిదీ. మైకు చాలు.

నా గొంతు ఇప్పుడు బొంగురుపోయింది. ఆ టేపులోలా ఉండదు, నీ గొంతులానూ ఉండదు. ఆయన పోల్చుకోలేకపోయినా ఫరవాలేదు. బతికున్నవాళ్ళ గొంతు మారుతుంది కదా.

ఆయన్ని గేటు దాకా వెళ్ళి నిలబడమను. నేను మైకు దగ్గరుంటాను. ఒకటి, రెండు, మూడు అంటాను. వినపడితే చెయ్యెత్తమను.

మీ అత్త